డీబగ్గర్ చూపించిన 214వ లైను

మా ఇంటి చిరునామాలో ఇప్పటికీ ఒక సినిమా హాలు ఉంది. ఊళ్లో లేదు, చిరునామాలోనే. హాలు కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టి చాలా కాలమైంది గాని, కరెంటు బిల్లు మీదా ఆధార్ మీదా మేం ఇంకా దాని ఎదురుగానే కాపురం ఉంటున్నాం. కొరియర్ అతను ఫోన్ చేసి "హాలు ఎక్కడండీ?" అంటాడు. హాలు లేదని చెబితే నేనే దాచేసినట్టు మాట్లాడతాడు. చిరునామా మార్పించమని మా ఆవిడ పోరు. మార్పించాలంటే ప్రస్తుత చిరునామాకి రుజువు కావాలి. మా దగ్గరున్న రుజువులన్నిటిలోనూ హాలే ఉంది.

ఇక వృత్తి సంగతి. కరోనా తర్వాత రెండో వేసవి. బెజవాడ పటమటలో మాదొక చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు. పల్లెల్లో పాల సేకరణ కేంద్రాలకి ప్రోగ్రాములు రాస్తాం. పాలు తెచ్చినవాళ్లు వరసలో నిలబడతారు, మెషిన్ వెన్న శాతం చూస్తుంది, మా ప్రోగ్రామ్ ఆ అంకెని పేరుతో సహా చీటీ మీద ముద్రిస్తుంది. చీటీ వస్తేనే పాలు డ్రమ్ములో పోస్తారు. ఏడున్నరకి ట్యాంకర్ వస్తుంది. అప్పటికి డ్రమ్ములో లేని పాలు ఇంటికి వెళ్లిపోవాల్సిందే.

మైలవరం దాటాక ఒక ఊళ్లో కేంద్రం నడిపే రాజ్యలక్ష్మి గారు సోమవారం ఉదయం ఫోన్ చేశారు. నేను బండి వేసుకుని వెళ్లేసరికి ట్యాంకర్ వెళ్లిపోయింది, జనం వెళ్లిపోలేదు.

"నాలుగు రోజుల్నించి ఇదే వరసండీ. రమణమ్మ క్యాన్ పెట్టగానే ఆగిపోతోంది" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"ఎవరు క్యాన్ పెట్టారన్నది కంప్యూటర్‌కి తెలియదండీ" అన్నాను, చదువుకున్నవాడి చిరునవ్వొకటి నవ్వి.

రమణమ్మ అంటే పడమటింటి చినవెంకటరమణమ్మ, కొత్త సభ్యురాలు. అప్పుచేసి కాదు, చెవి దుద్దులు మార్చి గేదెని కొనుక్కుంది. ఊళ్లో మరో చినవెంకటరమణమ్మ ముందే ఉండటంతో, ఇద్దరి చీటీలూ కలిసిపోకుండా రాజ్యలక్ష్మి గారు ఈవిడ పేరుకి ముందు పడమటింటి అని చేర్చి ఎక్కించారు. ఆవిడ క్యాన్ దగ్గర మెషిన్ ఆగిపోతోందని తెలిశాక వరసలో ఆవిడ వెనక ఎవరూ నిలబడటం లేదు. ఆవిడే అందరి వెనకా నిలబడాల్సి వస్తోంది.

"నా చెయ్యి మంచిది కాదంట బాబూ. అదే చెయ్యి పితికితేగా గేదె పాలిస్తోంది!" అంది రమణమ్మ.

డెయిరీ సూపర్‌వైజర్ ఫోన్‌లోనే తీర్పు చెప్పేశాడు: బుధవారం కూడా ఆగితే ఆవిడ సభ్యత్వం తీసేసి చూద్దాం. పాలు పోసే కేంద్రం ఆ ఊళ్లో అదొక్కటే. ఆవిడ గేదెకి ఈ సంగతి తెలియదు, పూటకి నాలుగు లీటర్లు ఇస్తూనే ఉంది.

ప్రోగ్రామ్ ఎందుకు ఆగిందో చూడ్డానికి మా దగ్గర డీబగ్గర్ అని ఒకటుంటుంది. ఆగిన ప్రోగ్రామ్‌ని తెరిచి, ఫలానా సోర్స్ ఫైల్లో ఫలానా లైను దగ్గర ఆగింది అని చెబుతుంది. సోర్స్ ఫైల్ అంటే మనిషి రాసిన ప్రోగ్రామ్ పాఠం. మెషిన్‌లో నడిచేది దాన్నుంచి తయారైన అంకెల ముద్ద. ఆ ముద్దలో అసలు పాఠం ఉండదు. పాఠం తయారీనాడు ఏ కంప్యూటర్లో ఏ ఫోల్డర్లో ఉందో ఆ చిరునామా, లైన్ల నంబర్లు, అంతే. డీబగ్గర్ ఆ చిరునామాకి వెళ్లి తలుపు కొడుతుంది. అక్కడ ఫైల్ లేకపోతే, మనం చూపించిన ఫోల్డర్లలో అదే పేరున్న ఫైల్ కోసం వెతుకుతుంది. దొరికితే దాన్నే తెరిచి ఆ నంబరు లైను చూపిస్తుంది. అది ఆ ఫైలా, దాని కవలా అని పెద్దగా విచారించదు.

ఇదంతా నాకు బాగా తెలుసు. కొత్తగా చేరినవాళ్లకి నేనే పాఠం చెబుతాను. అందుకే తర్వాత జరిగింది చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది.

ల్యాప్‌టాప్‌లో డీబగ్గర్ తెరిచాను. చీటీ ముద్రించే ఫైల్, 214వ లైను, అంది. వెనకే ఒక పొడుగాటి చిరునామా చెప్పి, అక్కడ అలాంటి ఫైల్ లేదంది. లేదన్న మాట చదివాను, చిరునామా చదవలేదు. మా ఆఫీసు ఫోల్డర్ చూపించాను. వెంటనే తెరిచింది. 214వ లైన్లో ఉన్నది ప్రోగ్రామ్ కాదు, కామెంట్. అంటే రాసినవాళ్లు తమ కోసం రాసుకునే గమనిక. 'కాగితం అయిపోతే ఇక్కడ చూడాలి' అని ఉంది.

గమనిక దగ్గర ప్రోగ్రామ్ ఆగడం అంటే గోడ మీది క్యాలెండర్ తట్టుకుని పడిపోయానని చెప్పడం. నేను మాత్రం ఒక లైను అటూఇటూ అయి ఉంటుందని సరిపెట్టుకుని, కాగితం చుట్ట మార్చాను, ప్రింటర్ కేబుల్ మార్చాను. పాత చీటీ ఒకటి ముద్రించి చూపించి, "అయిపోయిందండీ, కాగితం సమస్య" అని ప్రకటించాను. ఫైల్ కన్నా ప్రోగ్రామ్ పాతది అని డీబగ్గర్ అడుగున ఒక హెచ్చరిక కూడా ఇచ్చింది. ఫైళ్లు ఆ పూటే కాపీ చేసుకున్నాను గదా, తేదీ తేడా వచ్చుంటుందని దాన్నీ మన్నించాను.

మంగళవారం ఉదయం రమణమ్మ క్యాన్ పెట్టింది. ప్రోగ్రామ్ ఆగింది. కాగితం మాత్రం నిగనిగలాడుతోంది.

"ప్రింటర్ మార్చమంటారా?" అన్నారు రాజ్యలక్ష్మి గారు. వెటకారమో కాదో తేల్చుకోలేకపోయాను. రమణమ్మ క్యాన్ మూత బిగించి, నాలుగు లీటర్లూ తీసుకుని ఇంటికి నడిచింది. ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది.

అప్పుడు కూర్చుని, మొదట్నించీ, తెలియనివాడిలా చదివాను. డీబగ్గర్‌ని అడిగాను: అసలు నువ్వు ఈ ఫైల్ ఎక్కడుందనుకుంటున్నావు? ఆఫీసు కంప్యూటర్ పేరు వస్తుందనుకున్నాను. వచ్చింది 'మూర్తి' అనే యూజరు, అందులో 'ఇల్లు' అని ఫోల్డరు, అందులో 'పాలు తెలుగు'.

మూర్తి గారు మా ఆఫీసులో రిటైరైన పెద్దాయన. ఉండేది కొండపల్లిలో. ఆయన ఇంట్లో తయారు చేసిన ప్రోగ్రామ్‌ని, నేను ఆఫీసులో ఉన్న పాఠం పెట్టుకుని చదువుతున్నాను. రెండిటికీ పేరొకటే. రెండు రోజులుగా నేను కొట్టింది ఎదురింటి తలుపు.

తిరుగు దారిలో ఆయన ఇంటి ముందు బండి ఆపాను. మూర్తి గారు సీపీయూ మీదున్న అంబారీ ఏనుగు బొమ్మని జాగ్రత్తగా పక్కన పెట్టి, కప్పిన తువాలు తీశారు.

"లాక్‌డౌన్‌లో రాజ్యలక్ష్మమ్మ ఫోన్ చేసిందోయ్. చీటీల మీద పేర్లు ఇంగ్లీషులో ఉంటే మా ఆడవాళ్లు ఎలా చదువుకుంటారండీ అని. న్యాయమే గదా. ఇక్కడే కూర్చుని తెలుగు చేసి పంపించా."

"మరి ఆఫీసులో పెట్టలేదేమండీ?"

"ఆఫీసు మూసేశారుగా. తెరిచాక పెట్టమని ఎవరన్నా అన్నారా?"

అనలేదు. అనాల్సినవాణ్ణి, చీటీ మీద తెలుగు చూసైనా అడగాల్సినవాణ్ణి నేనే.

ఆయన ఫోల్డర్ని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించుకుని, ఇకనుంచి ఆ పాత చిరునామా అడిగితే ఇక్కడ చూడు అని డీబగ్గర్‌కి ఒక్క లైన్లో చెప్పాను. మళ్లీ 214. ఈసారి కామెంట్ కాదు. సభ్యుల పేరు తెచ్చి చీటీలో పెట్టే లైను. ఆ క్షణాన ఏ పేరు పెడుతున్నావని అడిగితే తడుముకోకుండా చెప్పింది: పడమటింటి చినవెంకటరమణమ్మ.

పేరుకి ప్రోగ్రామ్‌లో ఇచ్చిన చోటు అరవై నాలుగు బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. తెలుగులో అక్షరానికి మూడు, గుడికి మూడు, సున్నకి మూడు. ఆవిడ పేరుకి మొత్తం అరవై ఏడు. పట్టని పేరుని బలవంతంగా కుక్కబోయి ప్రోగ్రామ్ ప్రాణం విడుస్తోంది. రమణమ్మ క్యాన్ పెట్టగానే ఆగిపోతోంది అన్న మాటని నేను మూఢనమ్మకం కింద కొట్టేశాను. నా సర్వీసులో ఇంత కచ్చితమైన ఫిర్యాదు ఇంకోటి రాలేదు.

మూర్తి గారు ఆ లైను మీద వేలు పెట్టారు. "చోటు ఇంగ్లీషు లెక్కలోనే వదిలేశానోయ్" అన్నారు. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని చోటు పెంచాం, అదీ దాటే పేరొస్తే ఆగిపోకుండా ముందే చెప్పేలా చేశాం. ఊళ్లోకెల్లా పొడుగు పేర్లు ఆయనే కల్పించి పరీక్షించారు.

బుధవారం రమణమ్మని వరసలో మొదట నిలబెట్టమని నేనే అడిగాను. క్యాన్ పెట్టింది. చీటీ వచ్చింది. పేరు రెండు వరసల్లో, ఒక్క గుడి కూడా తెగకుండా. వెన్న ఏడున్నర శాతం. వెనకున్నవాళ్లు ఒకడుగు ముందుకి జరిగారు. పెద్ద పెద్ద సంస్థల్లో పనిచేసే మా బ్యాచ్ వాళ్లు చెప్పుకునే ఘనకార్యాలు చాలా విన్నాను గాని, ఆ జానెడు చీటీకి సాటి వచ్చేది ఇంకా వినలేదు. ఒక కాపీ నా టేబుల్ అద్దం కింద ఉంది. అచ్చు కాస్త వెలిసింది.

అప్పట్నించి మా దగ్గర ఏ ప్రోగ్రామ్ బయటికి వెళ్లినా, అది ఏ పాఠం నుంచి పుట్టిందో ఆ పాఠం కాపీ ఆఫీసులో ఉండి తీరాలి. డీబగ్గర్ ఇచ్చే హెచ్చరికని మన్నించే అధికారం ఎవరికీ లేదు, నాతో సహా. కళ్లముందు కనిపిస్తున్న పాఠం కన్నా, అది ఎక్కణ్ణించి వచ్చిందన్నది ముందు చూడాలని నేను నేర్చుకున్నది అక్కడే.

ఆ ఉదయం ఇదంతా రమణమ్మకి కూడా చెప్పాను, కొంచెం ఉత్సాహంగానే. డీబగ్గరు, చిరునామా, కొండపల్లిలో మూర్తి గారి ఇల్లు, అన్నీ. ఆవిడ చీటీ మడిచి కొంగున ముడేసుకుంటూ శ్రద్ధగా వింది. ఖాళీ క్యాన్ చేతిలోకి తీసుకుంది.

"కొండపల్లి మీదుగానేగా బాబూ నువ్వు రోజూ వచ్చింది? సోమవారమే ఆగి ఆయన్ని అడిగుంటే పోయేదిగా."