అల్ వుకైర్‌లో కాందహార్ కుట్టు: కుళ్ళుకుంటూ వెళ్ళిన శనివారం

నేను అల్ వుకైర్ వెళ్ళింది ఊరు చూడటానికి కాదు, కుళ్ళు పట్టలేక. ముందే చెప్పేస్తే నాకూ తేలిక, మీకూ తేలిక. అబూ హమూర్‌లో మా ఫ్లాట్ ముందు గదిలో మిషన్ పెట్టుకుని పదకొండేళ్ళుగా ఆడవాళ్ళ బట్టలు కుడుతున్నాను. మాది కోరుట్ల. పదో తరగతి కాకముందే నన్ను బీడీల చాట ముందు కూర్చోబెట్టారు. అక్కడి నుంచి కుట్టుమిషన్ మీదికి, పెళ్ళయ్యాక మిషన్‌తో సహా ఖతర్‌కి వచ్చాను. నా చేతి కుట్టుకు మా వీధిలో పేరుంది. ఆ పేరు నాకు బాగానే తలకెక్కింది కూడా. మొన్న గురువారం మా పాత కస్టమర్ ఒకావిడ కూతురి పెళ్ళికి ఎనిమిది పొడవాటి గౌన్లు ఇచ్చింది. అన్నింటికీ అంచులు చేత్తో కుట్టి సోమవారానికి ఇవ్వాలి. వెళ్తూ వెళ్తూ సంచిలోంచి ఒక తెల్లచొక్కా తీసి, దాని ఛాతీ మీది కుట్టు చూపించింది. "అల్ వుకైర్‌లో ఒక అఫ్ఘాన్ ఆవిడ దగ్గర అల్లుడికని చవగ్గా తీసుకున్నా. నువ్వు ఇలా చేయగలవా?" అని అడిగింది.

కుట్టుపని చేసేవాళ్ళం ఎవరి పనినీ ముందువైపు చూసి నమ్మం. తిప్పి చూస్తాం. ముడులు, దాటేసిన దారాలు, కప్పిపుచ్చిన తప్పులు అన్నీ వెనకాలే ఉంటాయి. నేనూ తిప్పాను. వెనక కూడా ముందులాగే ఉంది. తెల్ల నూలుగుడ్డ పోగులు లెక్కపెట్టి పట్టుదారంతో నింపిన చిన్న చిన్న గళ్ళు, నక్షత్రాలు, ఎటు తిప్పినా ఒకటే. ఒక్క ముడి కనిపించలేదు. "బాగుంది" అన్నానుగాని కడుపు మండిపోయింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఆ అఫ్ఘాన్ ఆవిడకు ఇంత తీరిక ఎక్కడిది, ఎంతమందిని పెట్టుకుని కుట్టిస్తోంది, అంత తక్కువకు ఎలా ఇస్తోంది, ఇవన్నీ కనుక్కోవాలనుకున్నాను. కుదిరితే ఆవిడకు కుట్టిచ్చేవాళ్ళనే నావైపు తిప్పుకోవాలనీ అనుకున్నాను. అదీ నిజమే.

శనివారం పొద్దున తొమ్మిదిన్నరకు ట్యాక్సీ పిలిచాను. బస్సులో కూడా వెళ్ళొచ్చు, కానీ మధ్యలో మారాలి. ఎండాకాలంలో పిల్లలతో ఆ పని పెట్టుకోకండి. మా అమ్మాయి సుమయ్యను కూడా వెంట తీసుకెళ్ళాను. అది తొమ్మిదో తరగతి చదువుతోంది. ఇక్కడ బడికి సెలవు శుక్ర, శనివారాలే; ఆదివారం దానికి లెక్కల పరీక్ష. ఎనిమిది గౌన్లు నా ఒక్కదాని వల్ల కావని, ఆ రోజు బడి మానేసి అంచులు కుట్టమని శుక్రవారమే చెప్పాను. యూనిట్ టెస్టే కదా, మళ్ళీ పెడతారులే అన్నాను. అప్పటి నుంచి అది ముఖం మాడ్చుకుని ఉంది. కారులో కూడా లెక్కల నోట్సు ఒళ్ళో పెట్టుకుని, నాకు కనబడేట్టు తిరగేస్తోంది. నేను చూడనట్టే కూర్చున్నాను.

నేను ఫోన్లో మా అక్కతో మాట్లాడటం విని డ్రైవర్ అద్దంలో చూసి నవ్వాడు. "అక్కా, మీది కోరుట్లనా? మాది మెట్‌పల్లి. ఈడ గిట్ల కలుస్తమని ఎవలనుకున్నరు" అన్నాడు.

"మెట్‌పల్లోళ్ళు యాడికి పోయినా దొరుకుతరు గదా" అన్నాను.

"దొరుకుతం అక్కా. మా అవ్వకు మాత్రం నేను ఇంకా దుబాయ్‌లనే ఉన్న. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా వినది." వెనక సీటు వైపు చూసి, "పాప సెలవుల కూడ సదువుతున్నది. నా బిడ్డ ఉన్నది, పుస్తకం సూస్తె నిద్రపోతది" అన్నాడు. సుమయ్య నావైపు చురుగ్గా చూసింది. ఇరవై అయిదు నిమిషాలు పట్టింది, మీటర్ ముప్పై నాలుగు రియాళ్ళయింది. వుకైర్‌లో కొత్త ఇళ్ళు ఒకదానిలాగే ఇంకోటి ఉంటాయి. ఆ వీధిలో పక్కగేటుకు ఆకుపచ్చ గుడ్డ కట్టి ఉన్నది ఒక్కటే, మా కస్టమర్ చెప్పిన గుర్తు అదే.

ఆ అఫ్ఘాన్ ఆవిడ పేరు గులాలై, నా వయసుదే. భర్త ఇండస్ట్రియల్ ఏరియాలో లారీలు బాగుచేసే షెడ్డులో మేస్త్రీ. చిన్నప్పుడు పెషావర్‌లో పెరిగిందట, అందుకే ఉర్దూ నాకన్నా చక్కగా మాట్లాడింది. దాని మీదా నాకు కుళ్ళే, నాది ఎంతైనా మన దక్కనీ. తివాచీ మీద కూర్చోబెట్టి యాలకులు వేసిన గ్రీన్ టీ, చక్కెర పట్టించిన బాదం పలుకులు పెట్టింది. తర్వాత మూట విప్పింది. చేతిరుమాలు అరవై రియాళ్ళు, చొక్కా ముందుభాగం నాలుగువందల యాభై. ఈ కుట్టును వాళ్ళు ఖామక్ అంటారు. కాందహార్‌లో పెళ్ళికూతుళ్ళు కాబోయే భర్త చొక్కాకు కుట్టేవారట. నేను ఒక్కొక్కటే తిప్పి చూస్తూనే ఉన్నాను. ఎక్కడైనా ఒక తప్పు దొరికితే హాయిగా ఇంటికి వెళ్ళిపోదామని చూశాను. దొరకలేదు.

"ఇంత పని ఎవరు చేస్తారు?" అని అడిగాను.

"మా అక్క కూతుళ్ళు బాజీ. కాందహార్‌లో ఉంటారు, ముగ్గురు" అంది, నన్ను అక్కా అన్నట్టు బాజీ అని పిలుస్తూ.

"మరి బడి?"

"ఛుట్టీ" అంది, సెలవులన్నట్టు తేలిగ్గా, కప్పులో టీ పోస్తూ.

నా నోరు ఊరుకోలేదు. "అదృష్టవంతులు. ఇంత టైం దొరికితే నేనూ చేద్దును. మా దానికి ఎప్పుడు చూసినా పరీక్షలే, చేతికి అందదు. ఎన్ని రోజులు ఛుట్టీ? మళ్ళీ ఎప్పుడు తెరుస్తారు?"

సుమయ్య నా మోచేతి దగ్గర గిల్లింది. గులాలై కెటిల్ కింద పెట్టింది. "బాజీ, మా పెద్దది పల్వషా ఏడో తరగతిలో ఉండగా మొదలైంది ఆ ఛుట్టీ. ఇప్పుడు దానికి పదిహేడు. చిన్నవాళ్ళయితే ఏడోకు పోనే లేదు. అక్కడ ఆడపిల్లకు ఆరో తరగతి వరకే" అంది.

నాకు తలకొట్టేసినట్టయింది. ఆ సంగతి నాకు తెలియనిది కాదు, టీవీలో ఎన్నోసార్లు విన్నాను. కానీ నా చేతిలో ఉన్న రుమాలుకూ ఆ వార్తకూ సంబంధం ఉందని తోచలేదు. గులాలై మెల్లగా చెప్పుకొచ్చింది. ఆమె అక్క పెద్ద ఆడపిల్లల బడిలో సైన్సు టీచరు. బడి మూతపడటంతో ఆమె ఉద్యోగమూ పోయింది. బావ పండ్లబండి పెట్టుకున్నాడు, దానిమ్మల కాలంలో పర్వాలేదు, చలికాలంలో పొయ్యి వెలగడమే కష్టం. మగతోడు లేనిదే అక్క బజారుకు వెళ్ళదు. బావకు తీరినరోజే ఇంట్లోకి దారం వస్తుంది, పిండి వస్తుంది. కరెంటు ఎప్పుడుంటుందో తెలియదు కాబట్టి పిల్లలు ముగ్గురూ పగలంతా కిటికీ దగ్గరే కూర్చుంటారు. ఒక చొక్కాకు మూడు నెలలు. నేను అసూయపడిన తీరిక అదీ.

అంతలో కాందహార్ నుంచే ఫోన్ వచ్చింది. కెమెరా పెట్టలేదు, గొంతు మాత్రమే. ఇంట్లో అతిథులున్నారని గులాలై చెప్పగానే పల్వషా గొంతు గబగబా ఏదో అడిగింది. గులాలై నవ్వి, "మీ అమ్మాయి ఏం చదువుతోందని అడుగుతోంది" అంది. సుమయ్య సిగ్గుపడుతూ తొమ్మిది అంది. లెక్కల్లో ఇప్పుడేం చెబుతున్నారని అడిగింది పల్వషా. త్రిభుజాలు అంది మా పిల్ల. నోట్సులో ఒక పేజీ ఫోటో పంపుతావా అని అటునుంచి బతిమాలింపు. సుమయ్య ఒకటి కాదు, ఆరు పేజీలు తీసి పంపింది. నిన్నటి నుంచి ముఖం మాడ్చుకున్న పిల్ల ముఖం అప్పుడు వెలిగింది.

"రేపు బడిలో ఏం ఉంది?" అని అడిగింది పల్వషా. గులాలై ఉర్దూలోకి మార్చి చెప్పింది.

సుమయ్య నావైపు చూసింది. అబద్ధం చెప్పడం దానికి రాదు. "రేపు నాకు ఛుట్టీ. అమ్మీ వద్దంది, ఇంట్లో కుట్టుపని ఉంది" అంది.

ఛుట్టీ అన్న మాటకు తర్జుమా అక్కర్లేకపోయింది. పల్వషా చిన్నగా ఒక ప్రశ్న అడిగింది. గులాలై దాన్ని నాకు చెప్పడానికి వెనకాడింది. నేను పట్టుబట్టాను.

"మీ దగ్గర కూడా మొదలుపెట్టారా, అని అడుగుతోంది."

నేను ఫోన్ దగ్గరికి జరిగి, "లేదు బేటా, రేపు బడి ఉంది. ఇది వెళ్తుంది, పరీక్ష రాస్తుంది" అన్నాను. వాళ్ళను నావైపు తిప్పుకోవాలన్న ఆలోచన ఏమైందో నాకు గుర్తులేదు. ఒక రుమాలు కొని, పన్నెండింటికి తిరుగు ట్యాక్సీ ఎక్కాం. ఆదివారం పొద్దున సుమయ్య బడికి పోయింది. సోమవారానికి ఆరు గౌన్లే అయ్యాయి. కస్టమర్ మిగిలిన రెండూ తీసుకుని, ఇక ఇటు రానని చెప్పి వెళ్ళిపోయింది. నేను ఆపలేదు.

కుళ్ళు తగ్గిందా అంటే తగ్గలేదు. ఆ రుమాలు మిషన్ పక్కనే పెట్టుకున్నాను, రోజూ తిప్పి చూస్తాను, రోజూ కడుపు మండుతుంది. నాకన్నా అది కుట్టిన పిల్ల చేయి మంచిది, ఆ సంగతి ఒప్పుకోక తప్పదు. బీడీల చాట ముందు కూర్చున్న రోజుల్లో, బడికి పోయే పిల్లల్ని చూసి నేనూ కళ్ళల్లో నిప్పులు పోసుకున్నదాన్నే. అదంతా మరిచిపోయి నా బిడ్డ చేతికి సూది ఇచ్చి కూర్చోబెట్టబోయాను. మీరు వెళ్ళేట్టయితే ఒక్క సలహా. శనివారం పది దాటాక వెళ్ళండి, మీకు కావాల్సింది మూడు నెలల ముందే చెప్పండి, వెంట బడికి పోయే పిల్లలుంటే వాళ్ళ పుస్తకం ఒకటి సంచిలో వేసుకోండి. బేరం తర్వాత, ముందు కాందహార్ నుంచి ఫోన్లో ఆ పుస్తకమే అడుగుతారు.