సముద్రపు నీళ్లలో రూపాయి బిళ్ల

సముద్రపు నీటిలో రాగి, నికెల్, జింకు ఎంతెంత ఉన్నాయో కొలవడం నా పీహెచ్‌డీ పని. తెలంగాణలో రేగొండ దగ్గర పుట్టి, ఇరవై ఏళ్లు వచ్చేదాకా సముద్రం మొహం చూడని పిల్లకు ఇదేం చదువని ఇంట్లో నవ్వేవాళ్లు. ఆ లోహాలు నీళ్లలో ఉండేది అణుమాత్రం. నీళ్లు పట్టేవాళ్ల చేతికి ఉంగరం ఉన్నా లెక్క తప్పుతుంది. అందుకే గాజులు తీసేసి, చేతులకు తొడుగులు వేసుకుని, వారం రోజులు యాసిడ్‌లో నానబెట్టి కడిగిన ప్లాస్టిక్ సీసాల్లో, విశాఖ దగ్గర పడవ మీద వెళ్లి నీళ్లు పట్టాను. మొత్తం పన్నెండు సీసాలు. బాగా లోతు నుంచి తీసింది ఒక్కటే. నా థీసిస్ అంతా దాని మీదే నిలబడి ఉంది.

హైదరాబాద్‌కు తిరిగి వస్తుంటే మహబూబాబాద్‌లో తెలంగాణ ఉద్యమం వాళ్లు రైలు ఆపేశారు. జనగామ దాకా ఇదే పరిస్థితి అన్నారు. పట్టాల మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. నేనూ సీసాల పెట్టెతో దిగి కూర్చుని, గొంతు పోయేదాకా జై తెలంగాణ అన్నాను. పక్కనున్న తండా అవ్వ పెట్టెలో ఏముందని అడిగింది. సముద్రం అన్నాను గొప్పగా.

"గింత డబ్బలనా? జర చూపియ్ బిడ్డా."

ఇక ఆగలేదు నా గొప్పలు. లోతు నీళ్ల సీసానే తీసి, కవర్లు విప్పి ఆమె చేతిలో పెట్టాను. ఇంతలో అన్నానికి పిలిస్తే విస్తరి కోసం లేచాను. తిరిగి వచ్చేసరికి అవ్వ కళ్లు మూసుకుని దండం పెడుతోంది. మూత తీసి ఉంది. సీసా అడుగున రూపాయి బిళ్ల.

"ఏందవ్వా గిది! నా పనంత ఖరాబ్ జేసినవ్!" పదిమందిలో అరిచాను.

ఆమె బిత్తరపోయింది. "గంగమ్మకు పైస ఎయ్యకుంట ఎట్ల బిడ్డా? కాళేశ్వరం పోయినప్పుడు గోదారిల ఏసినం. గిప్పుడు సముద్రమే మా కాడికొచ్చె. మల్ల నేనెప్పుడు చూస్త?"

అయినా నా కోపం పోలేదు.

హైదరాబాద్‌లో నాకు గైడుగా ఉన్న సారుది కోస్తా. ల్యాబ్‌లో నా మాటతీరుకు నవ్వేవాళ్లు ఉండనే ఉన్నారు. పన్నెండో సీసా ఏదని సారు అడిగారు. అవ్వ సంగతి చెబితే మీవాళ్లింతే అని నెల రోజులు నవ్వుకుంటారనిపించింది.

"రైల్లో మూత వదులై ఒలికిపోయిందండి" అన్నాను, వాళ్ల యాసలోనే.

సారు మంచివారే, మళ్లీ నీళ్లు పట్టుకొద్దాం లెమ్మన్నారు. థీసిస్ ఏడాది వెనకబడింది. దానికి బాధ లేదు. ఆత్మగౌరవం కావాలని పట్టాల మీద అంతగా అరిచినదాన్ని, నాలుగు రోజులైనా కాకముందే ఆ అవ్వ మా మనిషని చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను. తలుచుకుంటే ఇప్పటికీ నాకు మొహం చెల్లదు.