తియుర్మా చేతిలో భయస్తురాలు

ఇండోనేషియాలోని మెడాన్‌లో రోజూ కొట్టు తెరిచే ముందు తియుర్మా తన ఎర్ర కొండచిలువ పెట్టె పక్కన గొంతుక్కూర్చుంటుంది. పాము గద్ద వాలిందనుకుంటుందేమోనని పైనుంచి చెయ్యి దించదు. పక్కనుంచి అరచేతిని పొట్ట కిందికి జరిపి, బుస తగ్గేదాకా కదలకుండా ఉంచుతుంది.

నిన్న దానిచేత కరిపించుకున్న అన్న హోతాసి, దాన్ని అమ్మేద్దామని ఇవాళ తోలు వ్యాపారిని రమ్మన్నాడు.

“నీ మొగుడు కూడా ఇంత బుసకొట్టడే!”

“ఆయనది కోపం అన్నయ్యా, దీనిది భయం. మెడ పట్టి ఎత్తితే కరవదా మరి? కూర్చో.”

పాము బరువంతా ఆనేలా అతని ఒడిలో పెట్టింది. అది బుస్సుమంది. లేవబోయిన అన్న భుజాన్ని తియుర్మా గట్టిగా అదిమిపట్టింది. అతను బిగబట్టిన ఊపిరి మెల్లగా వదిలాడు. కాసేపటికి బుస ఆగింది, పాము తల అతని మోకాలి మీద వాలింది.

బయట వ్యాపారి హారన్ కొట్టాడు.

“వాణ్ణి పొమ్మనవే,” అన్నాడు హోతాసి గొంతు తగ్గించి. “ఆ మోతకి ఇది బెదురుతుంది.”