మేడ మీద సూడాన్ అమ్మాయి

రాజమండ్రిలో మా మేడ మీద గదిలో ఇంజనీరింగ్ చదివే సూడాన్ అమ్మాయి అద్దెకుండేది. తెలుగు బాగానే పట్టుబడింది. ఏమడిగినా ముందు "ఫరవాలేదండి" అనేది.

ఓ ఆగస్టు పదిహేనున అమ్మ ఆమెను మా వీధి జెండా వందనానికి తీసుకెళ్లింది. ఇంటికొచ్చి పులిహోర తింటుండగా అమ్మ అడిగింది: "మీకీ పండగ ఎప్పుడమ్మా?"

"జనవరి ఒకటి, ఆంటీ. మా నాన్నగారు బడిలో జెండా ఎగరేసేవారు. యుద్ధంలో ఆ బడి కాలిపోయింది. నాన్నగారు ఫోనెత్తడం లేదు."

"ఎన్నాళ్లయింది తల్లీ?"

"నాలుగు నెలలు. ఫరవాలేదండి," అంటూ పులిహోర కలుపుతూనే ఉంది. తినలేదు.

జనవరి ఒకటిన అమ్మ పాయసం వండి మేడెక్కింది. ఆమె తలుపు తీయకుండా లోపలి నుంచే చెప్పింది:

"నాన్నగారు వేసవిలోనే పోయారట, ఆంటీ. నిన్న తెలిసింది."

అమ్మ గిన్నె పక్కన పెట్టి మధ్యాహ్నం దాకా మెట్ల మీదే కూర్చుంది.