పాటలు విన్న సమ్మక్క

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు హనుమకొండలోని మా ఇంటికి బ్లాక్ అండ్ వైట్ టీవీ వచ్చింది. హైదరాబాద్‌లో మా మేనమామ ఇంట్లో ఉన్నది కలర్ టీవీ. మాకూ అదే ఎందుకు కొనలేదని నాన్న మీద అలిగాను.

ఒక ఆదివారం సాయంత్రం సరిగ్గా సినిమా మొదలయ్యే వేళకు గాలి లేచి, డాబా మీది యాంటెన్నా పక్కకు తిరిగిపోయింది. తెరంతా చుక్కలు. మా వెనక గుడిసెలో ఉండే హమాలీ కూతురు సమ్మక్క సినిమా చూద్దామని వచ్చి గడప దగ్గర కూర్చుంది. తొమ్మిదేళ్లుంటాయేమో. యాంటెన్నా తిప్పమని ఆ పిల్లను పైకి పంపాను.

"వచ్చిందా అక్కా?" అని పైనుంచి అరిచింది.

"వచ్చింది! గట్లనే పట్టుకో, ఇడువకు!" అన్నాను.

ఆ తర్వాత సినిమాలో పడి ఆ పిల్లనే మరిచిపోయాను. 'శుభం' పడ్డాక అమ్మ అడిగింది, "సమ్మక్క ఏదే?" అని.

పరుగెత్తుకెళ్లి చూస్తే, గాలికి వణుకుతూ ఇనుప పైపును రెండు చేతులతో పట్టుకునే ఉంది. అరచేతుల నిండా తుప్పు.

"దిగి రాకపోయినవే?" అన్నాను ఏడుపు గొంతుతో.

"ఇడిస్తే మీకు బొమ్మ పోతది గద అక్కా. నాకు పాటలన్నీ మంచిగ ఇనవడ్డయి" అని నవ్వి, అందులో పాటే ఒకటి పాడుకుంటూ మెట్లు దిగింది.

కలర్ టీవీ మాట నేను మళ్లీ ఎత్తలేదు. కానీ నాకు వచ్చిన బుద్ధి అంతవరకే. మరుసటి ఆదివారం కూడా డాబా ఎక్కింది సమ్మక్కే. నేను కుర్చీలోంచి లేవలేదు.