ఎడమకు లాగే లారీ

లారీ దిగిన ప్రతిసారీ దేవేంద్రప్ప ముందు ఎడమ చక్రం దగ్గరికి వెళ్లేవాడు. వంగి, దాని నడిమి ఇనుము మీద చేతి వెనుకవైపు ఆనించేవాడు, పిల్లల జ్వరం చూసినట్టు. కాసేపు అలాగే ఉండి లేచేవాడు.

1952 ఎండాకాలంలో అతని తండ్రి పెద్ద ఈరన్న ఆ చక్రం కిందనే పోయాడు. బండల లోడుతో నల్లగుండు కనుమ ఎక్కుతూ లారీ, రోడ్డు కింద నీళ్లు పోయే మోరీ దగ్గర ఆగిపోయింది. పెద్ద ఈరన్న బతుకంతా ఎద్దులబండి తోలినవాడు. ఎక్కుడులో బండి ఆగితే దిగి చక్రానికి రాయి అడ్డం పెట్టడం అతని అలవాటు. ఆ రోజు లారీ నడుపుతున్న కొడుకు పక్కన కూర్చున్నవాడు అలాగే దిగి, రాయి తెచ్చి వంగాడు. లారీ వెనక్కి జారింది.

లారీ బండల గని యజమాని శాంతయ్యది. ఆ తర్వాత కూడా దేవేంద్రప్ప దాన్నే నడిపాడు. మోరీ దగ్గర మాత్రం ఎన్నడూ ఆపలేదు.

నాలుగేళ్లు గడిచాయి. ఫాల్గుణంలో లారీ ముందు చక్రాలు ఊగడం మొదలైంది. శనివారం ఊరి జనాన్ని అహోబిలం తిరునాళ్లకు తీసుకుపోవాలి. కర్నూలు మేస్త్రీ పది రోజుల దాకా రాలేనన్నాడు. దేవేంద్రప్ప తనే జాకీ పెట్టి, చక్రాలు విప్పి, బేరింగులు కడిగి, మళ్లీ కందెన నింపి బిగించాడు. ఊగడం పోయింది.

మరునాడు కనుమ దిగుతూ, మోరీకి ముందున్న మలుపులో బ్రేకు తొక్కితే లారీ ఎడమకు లాగింది. మోరీ వైపు. స్టీరింగును వేరే చేతులు పట్టి తిప్పినట్టు తిరిగింది. మిట్టమధ్యాహ్నం. రోడ్డు మీద మనిషి లేడు, నీడ లేదు.

మూడు రోజులు అంతే. చదును దారిలో తిన్నగా ఆగేది. కనుమ పైన తిన్నగా ఆగేది. ఆ మలుపుకు వచ్చేసరికి ఎడమకు. రోజూ అతను ఎడమ చక్రం విప్పి చూశాడు. బ్రేకు లైనింగు పొడిగా ఉంది. బేరింగు బిగువుగా ఉంది. బ్రేకు ఆయిలు ఎక్కడా కారలేదు.

తల్లి భీమమ్మ విని భయపడలేదు. శనివారానికి ఉతికిన చీర తీసి పెట్టుకుంది.

"మీ నాయన పిలుస్తాండాడు. ముందర నేను కూచుంటా. నన్నేనేమో పిలిచేది" అంది.

ఆమెతో కలిపి నలభై మంది ఎక్కుతారు. శుక్రవారం ఒక్కటే మిగిలింది.

ఆ పొద్దు దేవేంద్రప్ప కమ్మరి ఏసన్నను వెంట తీసుకుపోయాడు. బండిచక్రాలకు ఇనుప పట్టాలు వేసేవాడు ఏసన్న. దారిలో తల్లి మాట చెబితే నవ్వాడు. బతికుండగా పిలిస్తే పలికినోనివి కాదు, ఇప్పుడు పిలిస్తే పోతావా అన్నాడు. మలుపులో లారీ లాగినప్పుడు నవ్వు ఆపాడు.

మోరీ దాటి ఫర్లాంగు దూరంలో ఆపారు. దేవేంద్రప్ప ఎడమ చక్రం మీద చెయ్యి ఆనించి చటుక్కున తీశాడు. చర్మం కాలింది.

"ఎడమది పట్టుకుంటాంది. మరి కుడిది ఏం చేస్తాండాదప్పా?" అన్నాడు ఏసన్న.

దేవేంద్రప్ప అటు నడిచాడు. నాలుగేళ్లుగా ఆ చక్రం మీద చెయ్యి పెట్టి చూసింది లేదు. పెట్టాడు. అది కాలలేదు. నిద్రపోయే మనిషి చెంపలా వెచ్చగా ఉంది. ఆముదం వాసన వచ్చింది. తండ్రి చేతుల వాసన అది.

అప్పుడు గుర్తొచ్చింది. గ్రీజు డబ్బా ఎడమ చక్రంతోనే అయిపోయింది. కుడిదానికి అతను ఇంట్లో ఉన్న తండ్రి కందెన వెదురుగొట్టం తెచ్చాడు. పెద్ద ఈరన్న పోయాక కూడా భీమమ్మ ఏటా ఆముదంలో కొర్రగడ్డి మసి కలిపి ఆ గొట్టం నింపుతూనే ఉంది. బండి ఇరుసుకు పెట్టినట్టే, బయటికి ఉబికేదాకా కూరాడు ఆ కందెన.

విప్పి చూస్తే లైనింగు నల్లగా తడిసి ఉంది. కనుమ దిగే వేడికి కందెన పలచబడి, మలుపు చేరేసరికి బ్రేకులోకి కారుతోంది. కుడి చక్రం జారుతోంది. పట్టిన వైపుకు లారీ తిరుగుతోంది.

"ఇరుసుకైతే ఎంత కూరినా సరిపోతాది. దీనికి బ్రేకు ఉండాది గదప్పా" అన్నాడు ఏసన్న.

మెల్లగా గని దాకా నడిపారు. అక్కడ వేరే లైనింగు వేసి, అంతా పెట్రోలుతో కడిగి, కొత్త గ్రీజు కొద్దిగా పెట్టి, పొద్దు వాలకముందే బిగించారు. దేవేంద్రప్ప ఇంటికి వచ్చి తల్లికి విడమరిచి చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది.

"అయితే మీ నాయనే గదా లాగింది" అంది.



మర్నాడు తెల్లవారి జనం ఎక్కారు. భీమమ్మ ముందర కూర్చుంది. కనుమ దిగి, మలుపు తిరిగి, మోరీ పక్కన దేవేంద్రప్ప బ్రేకు తొక్కాడు. లారీ తిన్నగా నిలిచింది. దిగి రెండు చక్రాల మీదా చెయ్యి పెట్టి చూశాడు. రెండూ ఒకేలా కాలుతున్నాయి. తండ్రి తెచ్చిన రాయి రోడ్డు పక్కన ఇంకా అక్కడే పడి ఉంది. దాన్ని ఎత్తి తెచ్చి ఎడమ చక్రానికి అడ్డం పెట్టాడు. తర్వాత తల్లి చెయ్యి పట్టి కిందికి దించాడు.