రాళ్ళ దొడ్డిలో కుకిలక్ చోటు

ఉత్తరపు మంచుసీమలో వేసవి పోయి చలి మొదలవగానే చేపలు సముద్రం విడిచి నదిలోకి ఎక్కుతాయి. చలికాలంలో నది అడుగుదాకా గడ్డకడుతుంది. నీళ్ళు మిగిలేది ఎగువ సరస్సులోనే. దారికి అడ్డంగా పేర్చిన రాళ్ళ దొడ్డిలో వాటిని పట్టడం అవియుక్ అత్తవారి పద్ధతి. దొడ్డి నిండగానే వాకిలి మూస్తారు. ఆపైన ఎంత ఆకలున్నా ఎవరూ తమంతట తాము దిగకూడదు. గట్టు మీంచి కేక పడాలి, అప్పుడు ఎవరి చోట్లో వాళ్ళు దిగాలి.

నలభై ఏళ్ళు ఆ కేక వేసింది ఆమె భర్త కుకిలక్. మొన్న చలికాలంలో పోయాడు. పిల్లాజెల్లా లేరు. తక్కిన చుట్టాలకు ఊళ్ళో దుకాణం డబ్బా చేపలే రుచించాయి, ఏం చేస్తాం!

అరవై దాటిన అవియుక్ ఈసారి మంచు తోసేసిన రాళ్ళన్నీ ఒక్కతే పేర్చింది. దొడ్డి నిండింది. పడవలో వస్తానన్న ఆడపడుచు నిగియొక్ జాడ లేదు. మూడోనాటికి ఒడ్డున మంచు పొర కట్టింది. ఎర్రపొట్ట చేపలు రాళ్ళకు మూతులు రాసుకుని నెత్తురు కారుస్తున్నాయి. ఇవాళ పట్టాలి, లేదా వదలాలి. వదిలితే చలికాలమంతా పస్తులే.

ఆమె గట్టు మీద వైర్‌లెస్ రేడియో పెట్టి నిగియొక్‌ని పిలిచింది.

"మోటారు చచ్చింది వదినా! నువ్వే దిగి పట్టుకో. ఎవరు చూడొచ్చారు?" అంది నిగియొక్.

"నది చూడదటే?"

"అంతా మా అన్నయ్య పట్టించిన చాదస్తం!"

"ఆ చాదస్తమే నిన్నూ మేపింది. నోర్మూసుకో... కాదు, నోరు తెరిచి కేకెయ్యి."

నిగియొక్ పకపకా నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, గట్టిగా కేకేసింది. అచ్చం అన్న గొంతే. అవియుక్‌కి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే ఈటె పట్టుకుని నీళ్ళలోకి దిగింది.

ఎప్పటిలాగే ఎడమ మూల, తన చోట్లో నిలబడింది. చేపలన్నీ బెదిరి కుడి మూలకు పోయాయి. అది కుకిలక్ చోటు. అక్కడికి వెళ్తే కావలసినన్ని దొరుకుతాయని ఆమెకు తెలుసు, కానీ కాళ్ళు రాలేదు. తన వైపు దారితప్పి వచ్చినవాటినే పొడిచింది. పాదాలు మొద్దుబారాక, గట్టెక్కి, కుడి మూలన ఎగువ వైపు రాళ్ళు బయటి నుంచి తొలగించి చేపలకు దారి విడిచింది.

"ఎన్ని పడ్డాయి వదినా?"

"నా వంతు పడ్డాయే."

"మరి అన్నయ్య వంతు?"

"సరస్సుకెళ్ళిపోయాయి."